మన ఊరి పన్ను ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఖర్చవుతోంది: విజయనగరం పటం మీద ఎకరం లెక్క

గంటస్తంభం చుట్టూ ఉన్న పాత వీధుల్లో పన్నెండడుగుల ముఖం ఉన్న కొట్టు, దాని మీద ఇల్లు. ఊరి చివర లేఅవుట్లో 200 గజాల స్థలంలో డాబా. రెండింటి ఇంటి పన్ను రసీదులు పక్కపక్కన పెడితే సాధారణంగా డాబాదే పెద్ద మొత్తం. అక్కడితో ఆగితే కార్పొరేషన్‌కి ఊరి చివరే లాభం అనిపిస్తుంది. అదే మొత్తాన్ని ఎకరానికి ఎంత, మీటరు రోడ్డుకి ఎంత అని లెక్కేస్తే తిరగబడుతుంది.

ఎకరం లెక్కకు పేరు తెచ్చింది అమెరికాలో నార్త్ కరోలినాలోని యాష్‌విల్. అక్కడ జో మినికోజీ అనే ప్లానర్ 34 ఎకరాల వాల్‌మార్ట్‌ను, ఊరి నడిబొడ్డున 0.19 ఎకరంలో ఉన్న ఒక పాత భవనాన్ని పోల్చి చూపించారు. వాల్‌మార్ట్ ఎకరానికి కడుతున్న ఆస్తి పన్ను ఏటా 6,500 డాలర్ల దగ్గర ఉంటే, పాత భవనం ఎకరం లెక్కన 6,34,000 డాలర్లు కడుతోంది. మన పన్ను చట్టం వేరు, మన గ్రాంటులు వేరు కాబట్టి అక్కడి అంకెలు మనకు పనికిరావు. పద్ధతి మాత్రం పనికొస్తుంది. అయితే అక్కడివాళ్లు ఎక్కువగా రాబడి వైపే చూశారు. మన ఊళ్లకు ఖర్చు వైపు కూడా వేస్తేనే ప్రయోజనం.

ముందు ప్రశ్న, తర్వాతే పటం

పటం గీయడం మొదలుపెట్టే ముందు ఏ నిర్ణయం కోసమో ఒక్క వాక్యంలో రాసుకోండి. కొత్త లేఅవుట్‌కి మంచినీటి లైన్ పొడిగించాలా? శివారు పంచాయతీని కలుపుకుంటే కార్పొరేషన్ మీద ఎంత బరువు పడుతుంది? పాత బజారులో మురుగు కాలువలు తిరగ్గట్టే డబ్బు ఆ బజారే సంపాదిస్తోందా? ప్రశ్నను బట్టి యూనిట్ మారుతుంది. విలీనం గురించైతే వార్డు చాలు. లేఅవుట్ గురించైతే వీధి, బ్లాకు దాకా దిగాలి.

ఇద్దరు మనుషులు, ఒక ల్యాప్‌టాప్, మూడు నెలలు పెట్టుకోండి. అందులో రెండు నెలలు కాగితాలకూ డోర్ నంబర్లకూ పోతాయి. పటం గీయడం ఆఖరి వారం పని.

1. కాగితాలు పోగుచేయడం

ఆడిట్ పూర్తయిన సంవత్సరాన్నే తీసుకోండి, వీలైతే వరుసగా మూడేళ్లు. బడ్జెట్ పుస్తకం మీద ఆధారపడవద్దు. అందులో ఉన్నవి అంచనాలు. కావలసింది వార్షిక లెక్కలు. జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ పద్దుల వరుసే చాలా పట్టణాల్లో నడుస్తుంది: 110 పన్నులు, 120 ప్రభుత్వం నుంచి బదిలీ అయ్యే ఆదాయం, 130 అద్దెలు, 140 ఫీజులు, వినియోగ చార్జీలు, 160 గ్రాంటులు. ఖర్చు వైపు 210 సిబ్బంది, 220 కార్యాలయం, 230 నిర్వహణ, 240 వడ్డీ, 272 తరుగుదల. ఈ పది అంకెలూ పటానికి వెన్నెముక. చివర్లో మీరు వీధులకు పంచిన మొత్తం వీటితో సరిపోవాలి.

ఇవి కాక సెక్షన్లవారీగా అడగాల్సినవి:

రెవెన్యూ సెక్షన్‌లో ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, కుళాయి పన్ను డీసీబీ, అంటే డిమాండ్ (కట్టమని వేసిన పన్ను), వసూలు, బకాయి పట్టిక. మొత్తం అంకెలు కాదు, అసెస్‌మెంట్ నంబరు (ఒక్కో ఆస్తి పన్ను ఖాతా నంబరు) వారీగా అడగాలి. ఇంజనీరింగ్‌లో రోడ్ల రిజిస్టర్, కాలువల పొడవు, పైపులైన్ల పటం, వీధిదీపాల లెక్క, సర్వీస్ నంబర్లవారీ కరెంటు బిల్లులు. శానిటేషన్‌లో మేస్త్రీల మస్తరు (కార్మికుల హాజరు పట్టిక), ఏ బండి ఏ వీధులు తిరుగుతుందో చెప్పే రూటు, డంపింగ్ యార్డుకి వెళ్లిన ట్రిప్పుల లాగ్‌బుక్. టౌన్ ప్లానింగ్‌లో ఇచ్చిన ప్లాన్ అనుమతులు, లేఅవుట్ పటాలు. మార్కెట్ ఆశీలు (మార్కెట్‌లో అమ్మేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము) పాట ఎంతకి పోయిందో, కార్పొరేషన్ షాపుల అద్దెలు ఎంతో.

అడిగితే ఇచ్చేవి కొన్ని, ఇవ్వనివి కొన్ని. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు రూ.10, గడువు 30 రోజులు. "ఆదాయ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక పేజీ కాగితం వస్తుంది. "2023-24కి అసెస్‌మెంట్ నంబరువారీగా, యజమాని పేరు లేకుండా, డోర్ నంబర్, వాడుక, ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం), చాలూ (ఆ ఏడాది) డిమాండ్, చాలూ వసూలు, పాత బకాయి; ఎలక్ట్రానిక్ రూపంలో" అని రాస్తే పనికొచ్చే ఫైలు వస్తుంది. పేరు, ఫోను, ఆధార్ కాలమ్‌లు ఎలాగూ అక్కర్లేదు. వచ్చినా మొదటి రోజే తీసేయండి.

2. డోర్ నంబర్‌తో కుస్తీ

అసలు కష్టం ఇక్కడే. ఫైలుని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే 5-6-12 అనే డోర్ నంబర్ తేదీగా మారిపోతుంది. తర్వాత కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చినా పాత నంబర్ తిరిగి రాదు. కాబట్టి ఖాళీ షీటు తెరిచి, కాలమ్‌ని ముందే టెక్స్ట్ చేసి, ఆ తర్వాతే డేటాని దిగుమతి చేయాలి. అసెస్‌మెంట్ నంబర్‌కీ ఇదే జాగ్రత్త. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

తర్వాత డోర్ నంబర్‌ని మూడు ముక్కలు చేయండి: వార్డు, బ్లాకు, ఇల్లు. 12-4-7, 12-4-7/1, 12-4-7ఎ అన్నీ ఒకే స్థలం కావచ్చు. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు అలాగే ఉంటుంది. అపార్ట్‌మెంట్లో 20 ఫ్లాట్లుంటే 20 అసెస్‌మెంట్లు ఉంటాయి, స్థలం ఒక్కటే. ముందు స్థలానికి మొత్తం కూడి, ఆ తర్వాత ఎకరాలతో భాగించాలి. ఫ్లాటుకో ఎకరం లెక్కేస్తే అపార్ట్‌మెంట్ పేదదైపోతుంది. దాని స్థలాన్ని ఒక ఫ్లాటుకే రాస్తే ఆ ఫ్లాటు కుబేరుడైపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. డోర్ నంబర్‌లోని వార్డు, 2021లో ఎన్నికలు జరిగిన 50 డివిజన్లలోని వార్డు, 2019లో వచ్చిన వార్డు సచివాలయం పరిధి, 2011 జనగణన వార్డు, ఈ నాలుగింటి గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. వీటిని కలపడానికి సూత్రం ఏమీ లేదు. బిల్ కలెక్టర్‌నీ, సచివాలయం ఎమినిటీస్ సెక్రటరీనీ పక్కన కూర్చోబెట్టుకుని బ్లాకు బ్లాకుగా అడిగి పట్టిక రాసుకోవాలి. పాత బ్లాకు నంబర్లు ఏ వీధిలో మొదలై ఏ వీధిలో ముగుస్తాయో కంప్యూటర్ కంటే బిల్ కలెక్టర్‌కే బాగా తెలుసు.

ఇంటింటికీ స్థలం హద్దులు దొరక్కపోతే పని ఆపక్కర్లేదు. నాలుగు వీధుల మధ్య ఉన్న బ్లాకుని యూనిట్‌గా పెట్టుకోండి. నూటికి తొంభై అసెస్‌మెంట్లు సరైన బ్లాకులో పడితే పటం నమ్మదగ్గదే. మిగిలిన పదింటిని పారేయకుండా "చోటు తెలియనివి" అని వేరే వరుసలో ఉంచండి.

3. పటం పునాది

పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, ఉచితం. వీధులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి, కట్టడాల ఆకారాలు గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ నుంచి దొరుకుతాయి. పటాన్ని డిగ్రీల్లో ఉంచి విస్తీర్ణం కొలిస్తే అర్థం లేని అంకెలొస్తాయి. మీటర్లలోకి మార్చాలి. విజయనగరానికి, శ్రీకాకుళం పట్టణానికి యూటీఎం అనే మీటర్ల కొలత పద్ధతిలో 44 ఉత్తరం జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. ఇదే పని పలాసకో ఇచ్ఛాపురానికో చేసేవాళ్లు జాగ్రత్త: అవి 84 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉన్నాయి, అక్కడ 45వ జోన్, 32645 వాడాలి.

చదరపు మీటర్లని 4046.86తో భాగిస్తే ఎకరాలు. మనవాళ్లకు చూపేటప్పుడు గజాలు, సెంట్లు కూడా రాయండి: ఎకరం 4,840 గజాలు, సెంటు 48.4 గజాలు.

విస్తీర్ణం రెండు రకాలుగా ఉంచుకోవాలి. రోడ్లు, చెరువులు, పార్కులు తీసేసిన నికర ఎకరం రాబడి పోలికకు. అన్నీ కలిపిన మొత్తం ఎకరం ఖర్చు పోలికకు, ఎందుకంటే రోడ్డుని ఊడవాలి, కాలువ పూడిక తీయాలి. విజయనగరంలో పెద్ద చెరువుని, శ్రీకాకుళంలో నాగావళిని నికరంలోంచి తీసేయకపోతే చుట్టుపక్కల బ్లాకులు దండగమారివిగా కనిపిస్తాయి.

4. రాబడిని చోటుకి కట్టడం

ఇంటి పన్నులో మొదట గ్రంథాలయ సెస్సు తీసేయండి. పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థది, కార్పొరేషన్ చేతిలో నిలవదు. అనధికార కట్టడాల మీద వేసే అపరాధ పన్ను, ఆలస్యపు వడ్డీ కూడా వేరు కాలమ్‌లో పెట్టండి.

తర్వాత డిమాండ్‌తో గీయాలా, వసూలుతో గీయాలా? రెండూ కావాలి. చోటు సత్తా చెప్పేది చాలూ డిమాండ్. చేతికొచ్చింది చెప్పేది చాలూ వసూలు. పాత బకాయిల వసూలుని రెండింట్లోనూ కలపకూడదు. వడ్డీ మాఫీ ఇచ్చిన ఏడాది మార్చిలో పదేళ్ల బకాయి ఒక్కసారి వచ్చి పడి, ఆ బ్లాకు ఆ ఒక్క ఏడాదీ వెలిగిపోతుంది.

మన రాష్ట్రంలో వంకర ఒకటి ఇక్కడుంది. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం దాటకుండా పరిమితి పెట్టారు. అందువల్ల పాత ఇల్లు అసలు కట్టాల్సిన మొత్తానికి ఇంకా చేరుతూ ఉంటుంది. దాని పక్కనే కొత్తగా కట్టి అసెస్ చేసిన ఇల్లు పూర్తి పన్ను కడుతుంది. ఈ పరిమితి పాత బజారుని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. కాబట్టి పరిమితి లేని పన్ను ఎంతో మరో కాలమ్‌లో లెక్కగట్టి ఉంచండి. పాత వీధి ఎకరం లెక్కలో కొత్త లేఅవుట్‌తో సమానంగా వచ్చినప్పుడు ఈ కాలమ్ చూడకుండా తీర్పు చెప్పొద్దు.

375 చదరపు అడుగుల లోపు సొంత ఇళ్లకు ఏడాదికి రూ.50 పన్ను. అవి ఎక్కువున్న పేట రాబడి పటంలో నల్లగా కనిపిస్తుంది. కానీ ఆర్థిక సంఘం గ్రాంటు ఎలా వస్తుందో గుర్తుంచుకోండి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పంచినప్పుడు జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువిచ్చింది. అంటే ఆ గ్రాంటుని మనుషులు తెస్తున్నారు. అందుకని 160 పద్దులోని ఆ సొమ్ముని బ్లాకు జనాభా ప్రకారం పంచాలి. అలా పంచగానే ఇరుకు పేటలు చాలావరకు తేరుకుంటాయి. ఈ ఒక్క పని చేయకుండా పటం బయటపెడితే, పేదల పేటలు ఊరికి భారం అనే తప్పుడు మాటకు మీరే ఆధారం ఇచ్చినవాళ్లవుతారు.

మిగిలినవి త్వరగా: రిజిస్ట్రేషన్లపై వచ్చే 1.5 శాతం బదిలీ సుంకం వాటాని ఆ ఏడు అమ్మకాలు జరిగిన చోటికి, ట్రేడ్ లైసెన్సులు షాపు చిరునామాకి, మార్కెట్ ఆశీలు మార్కెట్ స్థలానికి. ప్లాన్ ఫీజులు, లేఅవుట్ క్రమబద్ధీకరణ సొమ్ము ఒక్కసారి వచ్చేవి. వాటిని ఏటా వచ్చే రాబడిలో కలపడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. 2021లో మొదలై 2024లో రద్దయిన చెత్త పన్నుని మూడేళ్ల పోలికలోంచి తీసేయండి.

కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం ఆస్తి పన్ను వేయలేరు. రైల్వే స్థలాలు అందులోకే వస్తాయి. గుళ్లు, చర్చిలు, మసీదులకు మినహాయింపు ఉంటుంది. వీటిని సున్నా రంగుతో కాక గీతలతో నింపి "మినహాయింపు" అని చూపించండి. కోట ఉన్న చోటు పటంలో నల్లగా కనిపించి, దాని చుట్టూ ఉన్న కొట్లు వెలుగుతున్నాయంటే ఆ రెండింటికీ సంబంధం ఉంది. కోటలోని కాలేజీలకి రోజూ వచ్చే విద్యార్థులే ఆ కొట్ల బేరం.

5. ఖర్చుని చోటుకి కట్టడం

ఒక్కో ఖర్చుకి ఒక్కో తూనిక ఉంటుంది. అన్నిటినీ జనాభాతో భాగించేస్తే ఇంత శ్రమ దేనికి?

రోడ్లు, కాలువలు: చదరపు మీటర్లు, పొడవు. ఆ ఏడు వేసిన రోడ్డు ఖర్చుని ఆ వీధికే రాస్తే ఆ ఏడాది ఆ వీధి దివాలా తీసినట్టు కనిపిస్తుంది. తిరిగి వేయడానికి అయ్యే ఖర్చుని ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ధరలతో కట్టి, రోడ్డు ఆయుష్షుతో భాగించాలి.

నీరు: పైపుల నిర్వహణ పొడవుతో, పంపింగ్ కరెంటు కుళాయిల సంఖ్యతో. ఊరికి నీళ్లు నెల్లిమర్ల, రామతీర్థం, ముషిడిపల్లి వైపు నుంచి రావాలి. కాబట్టి ఏ ట్యాంకు కింద ఏ వీధులున్నాయో చూసి ట్యాంకువారీగా పంచాలి. ఎత్తు మీదున్న కాలనీకి రెండోసారి పంపు చేస్తుంటే ఆ బిల్లు ఆ కాలనీదే.

వీధిదీపాలు: దీపాల సంఖ్య, వాట్లు, గంటలు. 40 వాట్ల దీపం రోజుకి 11 గంటలు వెలిగితే ఏడాదికి 160 యూనిట్లు. స్తంభాల లెక్కతో గుణించి, వచ్చిన మొత్తాన్ని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లుతో పోల్చండి. బిల్లు చాలా ఎక్కువుంటే పగలు వెలిగే లైన్లున్నాయని అర్థం. తక్కువుంటే మీటరు లేని లైన్లున్నాయి.

పారిశుద్ధ్యం: మస్తరు ప్రకారం మనిషి రోజులు, బండి ట్రిప్పులు. కాగితం మీద ఒక వార్డులో ఉండి, పని మరో చోట చేసే కార్మికులుంటారు. మేస్త్రీని అడిగి సరిచేసుకోండి. దసరా తర్వాత మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వేసే అదనపు కూలీలు, బారికేడ్లు, తాత్కాలిక కుళాయిలు గుడి చుట్టుపక్కల వార్డు ఖర్చు కాదు. అవి ఊరందరి ఖర్చు, ఉమ్మడి పద్దులో పెట్టాలి.

పర్మినెంట్ ఉద్యోగుల జీతాలు 010 పద్దు కింద ఖజానా నుంచి వస్తుంటే అవి కార్పొరేషన్ పుస్తకంలో పూర్తిగా కనిపించవు. ఔట్‌సోర్సింగ్ జీతాలు కనిపిస్తాయి. అందుకని పర్మినెంట్ సిబ్బందితో నడిచే చోటు చవగ్గా, ఔట్‌సోర్సింగ్‌తో నడిచే చోటు ఖరీదుగా తేలుతుంది. ఎవరు జీతమిచ్చినా పని ఖర్చు ఖర్చే. రెండూ కలిపి ఒక లెక్క, కార్పొరేషన్ జేబులోంచి పోయేది ఒక లెక్క వేయండి.

6. రెండు ఎకరాల లెక్క దగ్గరగా

కింది రూపాయలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ ఊరి అంకెలు పెట్టుకోండి. కొలతలు మాత్రం మన వీధుల్లో కనిపించేవే.

పాత వీధి: 23 అడుగుల రోడ్డు, రెండు పక్కలా 12×45 అడుగుల స్థలాలు, అంటే 60 గజాలవి. ఎకరంలో 64 స్థలాలు పడతాయి, రోడ్డు 117 మీటర్లు. ఒక్కోటి సగటున రూ.4,500 కడితే ఎకరానికి రూ.2,88,000.

కొత్త లేఅవుట్: 40 అడుగుల రోడ్డు, 36×50 అడుగుల స్థలాలు, అంటే 200 గజాలవి. పదో వంతు ఖాళీ జాగా పోగా ఎకరంలో సుమారు 16 స్థలాలు, రోడ్డు 88 మీటర్లు. సగం ప్లాట్లలోనే ఇళ్లు లేచాయి. 8 ఇళ్లు రూ.9,000 చొప్పున, 8 ఖాళీ స్థలాలు రూ.2,000 చొప్పున కడితే మొత్తం రూ.88,000.

రోడ్డు తిరిగి వేయడానికి చదరపు మీటరుకి రూ.2,000, ఆయుష్షు 20 ఏళ్లు అనుకుంటే ఏడాదికి రూ.100. పాత వీధి రోడ్డు 820 చదరపు మీటర్లు, ఏడాదికి రూ.82,000. లేఅవుట్ రోడ్డు 1,070 చదరపు మీటర్లు, ఏడాదికి రూ.1,07,000. లేఅవుట్ పన్నంతా రోడ్డుకే చాలలేదు. నీరు, కాలువ, దీపం, చెత్త ఇంకా మొదలే కాలేదు. పాత వీధి రోడ్డు పోను రూ.2 లక్షలు మిగుల్చుతోంది. నివాసం ఉన్న ఇంటికి వచ్చే రోడ్డు చూడండి: పాత వీధిలో 13 చదరపు మీటర్లు, లేఅవుట్‌లో 134.

రోడ్డు మొదట రియల్టరే వేశాడు కదా అంటారు. వేశాడు, దానపత్రం రాసి కార్పొరేషన్‌కి అప్పగించాడు. ఇరవయ్యో ఏట మళ్లీ వేయాల్సింది అతను కాదు.

ఆ 8 ఖాళీ ప్లాట్లలో ఇళ్లు లేస్తే రాబడి రూ.1,44,000 అవుతుంది, రోడ్డు ఖర్చు మారదు.

7. గీయడం, సరిచూడడం

మూడు పటాలు చాలు: నికర ఎకరానికి రాబడి, మొత్తం ఎకరానికి ఖర్చు, మూడోది తేడా. మూడోదానికి రెండు వైపులా మొత్తం ఎకరమే వాడండి. వేర్వేరు ఎకరాల లెక్కల్ని తీసివేస్తే తప్పు. రంగుల హద్దులు మూడేళ్లకూ ఒకటే ఉంచాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసే హద్దులు ఏటా మారిపోతాయి. ఎత్తు పటం కావాలంటే క్యూజీఐఎస్‌లో త్రీజేఎస్ ప్లగిన్ ఉంది. కౌన్సిలర్లకి అదే త్వరగా అర్థమవుతుంది. కానీ ముందు వరుస బ్లాకులు వెనకవాటిని కప్పేస్తాయి కాబట్టి మామూలు పటం కూడా పక్కనే పెట్టండి.

సరిచూడడానికి రెండు పరీక్షలు. పంచిన మొత్తం, "చోటు తెలియనివి", ఉమ్మడి పద్దు కలిపితే వార్షిక లెక్కకి రెండు మూడు శాతం లోపు రావాలి. రెండోది, అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ వచ్చిన పదేసి బ్లాకులకి కాళ్లతో నడిచి వెళ్లండి. నాలుగంతస్తుల కల్యాణ మండపం ఇల్లుగా అసెస్ అయి ఉండడం, మూడేళ్ల కిందట లేచిన అపార్ట్‌మెంట్ ఇంకా ఖాళీ స్థలంగానే ఉండడం, కట్టడమున్నా అసెస్‌మెంటే లేకపోవడం ఇక్కడే బయటపడతాయి. ఓపెన్ బిల్డింగ్స్ ఆకారాల్ని అసెస్‌మెంట్ల మీద పరిస్తే ఏ బ్లాకుల్లో ఇళ్లు ఎక్కువ, పన్నులు తక్కువ ఉన్నాయో నడవకముందే తెలుస్తుంది. పన్ను రేటు పెంచకుండా వచ్చే రాబడి కాబట్టి, కమిషనర్ టేబుల్ మీద మొదట పెట్టాల్సిన కాగితం ఈ జాబితానే.

8. ప్లానింగ్‌లో వాడుక

లేఅవుట్ దరఖాస్తు వచ్చినప్పుడు పైన వేసిన రెండు ఎకరాల పట్టికని దానికి జతచేయండి: పూర్తిగా నిండితే ఎంత, సగం నిండితే ఎంత, 20వ ఏట ఎంత. కొత్త పైపులైన్‌కి ముందు, ఉన్న లైన్ పక్కన ఎన్ని ఖాళీ ప్లాట్లున్నాయో లెక్కించండి. పాత వీధుల్లో పై అంతస్తు వేసుకోవడానికి అడ్డొచ్చేది చాలాసార్లు కాలువ సామర్థ్యం, నీటి ఒత్తిడి. ఎకరానికి ఎక్కువ మిగుల్చుతున్న బ్లాకుల్లో అవి ముందు బాగుచేయాలని పటం చెబుతుంది. పంచాయతీ విలీనం చర్చకి వస్తే ఇళ్ల సంఖ్య కంటే ముందు ఇంటికి ఎన్ని మీటర్ల రోడ్డు, ఎన్ని మీటర్ల పైపు అని అడగండి.

పటం చూసి మిగులు లేని పేటకి చెత్త బండి తగ్గించడం మాత్రం కుదరదు. కాలువ, కుళాయి, చెత్త బండి అందరికీ అందాలి. ఈ లెక్క కొత్తగా ఎక్కడ విస్తరించాలో తేల్చడానికి, ఉన్నవాళ్ల సేవలు కోయడానికి కాదు.

ఏటా లెక్కలు ముగిశాక డీసీబీ కొత్త ఫైలు తెచ్చుకుని డోర్ నంబర్, బ్లాకు పట్టికకి కలపండి. మొదటి ఏడు రెండు నెలలు పట్టిన పని రెండో ఏడు వారంలో అయిపోతుంది. ఆ పట్టికని ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనే వదిలేయకుండా రెవెన్యూ సెక్షన్‌లో ఒక కాపీ, టౌన్ ప్లానింగ్‌లో ఒక కాపీ ఉంచండి. బిల్ కలెక్టర్‌కి బదిలీ అయ్యాక మళ్లీ బ్లాకు బ్లాకుగా అడగడానికి మనిషి దొరకడు.